జలపక్షుల వేఁటయు, కుఱుచగొట్టపు తుపాకియు

(పురానాపూలునందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



ఇట్టి మహాసభలయందు విద్యాభివృద్ధిని గూర్చియో, వసతిగృహ నిర్మాణమును గూర్చియో, వివాహములలోని దుబారా వ్యయమును గూర్చియో ముచ్చటించుట వాడుక. మేమును పెక్కుసారులట్లే ముచ్చటించితిమి. ముప్పదియేండ్లకు పైగా బాలురకు శబ్దమంజరియు రఘువంశమును చెప్పి విశ్రాంతి గొన్న మాకు, తుపాకిని గూర్చి యుపన్యసింపుమని కార్యదర్శిగారు సెలవిచ్చిరని విని మీలో కొందఱు నవ్విరి. మేమును నవ్వితిమి. కాని దానికి కారణమొకటి కలదు. దానిని ముందుగా మనవి చేసెదము.

గత వర్షాకాలమున, అమెరికాలోని లూసియానా రాష్ట్రమునందు ఉద్యోగము చేయుచున్న మన కులపు బిడ్డయొకఁడు, మా పూర్వశిష్యుఁడు, మాకొక లేఖ వ్రాసెను. "పంతులుగారూ! మాతో పనిచేయువారు శీతకాలమున చిత్తడినేలలకు బాతుల వేఁటకు పోవుచు నన్నును రమ్మనుచున్నారు. మీ యింట తుపాకి యుండెడిదనియు, మీ తాతగారు నవాబులకు పుట్టి నడిపెడివారనియు మా నాయన చెప్పుచుండును. జమ్ములోను బురదలోను తిరుగుటకు కుఱుచ గొట్టముగల తుపాకి మేలా, పొడుగు గొట్టముది మేలా?" అని యడిగెను. ఆ లేఖను కార్యదర్శిగారికి చూపఁగా వారు నవ్వలేదు. "పంతులుగారూ, ఇదే ప్రశ్నను మన బస్తీలోని యువకులు నన్నును అడిగినారు. ఇంటిలోని పాత తుపాకిని కోయించి చెఱువులమీఁదికి పోవలెనని వారి యూహ. ఆ దూరపువానికి వ్రాసెడి జవాబును ఇక్కడి వారికి కూడ వినిపింపుఁడు" అనిరి. మే మిచ్చట నిలువఁబడుటకు కారణ మిదియే.

సంస్కృతము చదివినవాఁడు వేఁటను గూర్చి నోరు విప్పినచో శాస్త్రము చెప్పక మానఁడని మీ రనుకొందురు. నిజమే. మనువు కామము వలన పుట్టు పది వ్యసనములను లెక్కించుచు మృగయను మొట్టమొదట నిలిపినాఁడు. కాళిదాసు శాకుంతల ద్వితీయాంకమున సేనాపతి నోట దానినే పొగడించినాఁడు. కల్యాణి చాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున మృగయను రాజవినోదములలో చేర్చి విధములతో వివరించినాఁడు. శుక్రనీతిలో లఘునాళికము, బృహన్నాళికము అను పేర్లతో తుపాకియు ఫిరంగియు వర్ణింపఁబడినవని మన సభలలో కొందఱు గర్వముతో చెప్పుచుందురు. ఆ భాగము మిక్కిలి యర్వాచీనమని పండితులు తేల్చినారు. లేని గొప్పను చెప్పుకొనుట వలన మన పూర్వులకు గౌరవము పెరుగదు. వారికి తుపాకి తెలియకున్నను నీరు తెలియును, పక్షి తెలియును. అది చాలును.

గంగపుత్రులమైన మనకు ఈ నగరమున నీటితోడి సంబంధము నేఁటిది కాదు. మన మిపుడు కూర్చున్న చోటికి కూఁతవేటు దూరముననున్న వంతెనను 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించెను. దాని 22 కమానుల క్రింద పాఱిన మూసీ 1908 సెప్టెంబరు 28వ తేదిని ఊరినంతటిని ముంచెత్తెను. ఆ వరద పిమ్మటనే 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును వెలసినవి. వానికంటె ముందే, రెండువందల యేండ్ల నాఁటిది మీరాలం చెఱువు. 21 కమానుల రాతికట్ట దానిది. కార్తికము వచ్చుసరికి ఉత్తరదేశములనుండి, హిమాలయములకావలినుండి బాతులు గుంపులుగా వచ్చి ఈ చెఱువులలో దిగును. ఫాల్గుణము ముగియునప్పటికి మరలి పోవును. పరజలు, చిలువలు, బొల్లికోళ్లు, జంబుకోళ్లు, గట్టున ముక్కుపురెళ్లు: ఈ పేర్లు మా తాతగారి నోట వింటిమి. చిన్ననాఁట అమరములో కారండవము, కాదంబము, చక్రవాకము అని వల్లించునపుడు, అవి ఏ పక్షులో మా గురువులు చెప్పలేకపోయిరి గాని మా తాతగారు చెప్పిరి. 1931-32లో సాలిం అలీ మహాశయుఁడు నిజాము రాజ్యమంతట తిరిగి పక్షులను పరిశీలించెను. ఆ కాలమున పక్షిశాస్త్రజ్ఞుఁడును తుపాకి పట్టవలసినవాఁడే. కొట్టి తెచ్చిన పక్షి చేతిలో నుండిననే గాని దాని జాతి నిశ్చయింపఁబడెడిది కాదు.

మా తాతగారు ఒక జాగీరుదారుగారికి పుట్టి నడుపువారు. వారు కాల్చెడివారు, వీరు జమ్ములో దిగి పడిన పక్షిని వెదకి తెచ్చెడివారు. పడినవానిలో సగము దొరకెడివి కావని తాతగారు పలుమాఱు చెప్పిరి. 1949లో జాగీరులు రద్దయినప్పుడు, ఆ దొరగారు తమ పాత జోడునాళ్ల తుపాకి నొకదానిని కాగితములతోకూడ మా తాతగారికి ఇచ్చివేసిరి. పండ్రెండు బోరుది, 30 అంగుళముల గొట్టములు. దాని పిడిమీఁది చెక్కడపుఁ బని మాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది.

ఇఁక చెప్పవలసినది మా యింటి సంగతి. మేము దీనిని ఇంతవఱకు ఏ సభలోను చెప్పియుండలేదు.

1968వ సంవత్సరపు పుష్యమాసము. మాకు పదియేండ్లు. మా పినతండ్రిగారు చెఱువు కౌలులో భాగస్థులు. వల యల్లుటలో వారి చేతికి సాటి లేదని పేరు. పుట్టి గుండ్రనిది, చిన్నది. ఇద్దఱు కూర్చున్నచో మూఁడవ వస్తువునకు చోటుండదు. ఆ పొడుగు గొట్టములు జమ్ములో తగులుచున్నవని, తిప్పుట కష్టముగా నున్నదని వారు వాటిని ఒక కమ్మరిచేత పది అంగుళములు కోయించిరి. అప్పటికే 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము అమలులో నుండెను. అందలి 6వ సెక్షను ప్రకారము లైసెన్సు లేక తుపాకి గొట్టమును కుఱుచ చేయరాదు. ఆ సంగతి మా యింట ఎవ్వరికిని తెలియదు. తెలిసినను మానియుందురని చెప్పఁజాలము.

కోసిన పిదప ఏమి జరిగెనో, ఏల జరిగెనో మేము పెద్దవారమైన తరువాత గ్రంథములు చూచి తెలిసికొంటిమి. తుపాకి గొట్టము మూతికడ కొలఁది అంగుళములు కొంచెము ఇఱుకుగా నుండును. దానిని చోక్ అందురు. ఛర్రా చెదరక గుంపుగా పోవుటకు ఆ యిఱుకే ఆధారము. 40 గజముల దూరమున 30 అంగుళముల వలయము గీచి కాల్చినచో, నిండు చోక్ గల తుపాకి నూటికి సుమారు 70 రవ్వలను ఆ వలయములో నిలుపును. చోక్ లేని గొట్టము 40 మాత్రము నిలుపును. కోఁతతో ఆ మూతి పోయెను. అదివఱకు పడెడి దూరమున పక్షి పడుట మానెను. గాయపడి, ఎగిరిపోయి, ఎక్కడనో జమ్ములో చచ్చుట మొదలయ్యెను. ఇది కాక, జోడునాళ్లు రెండును ఒక్క చోటనే కొట్టునట్లు పనివారు మొదటనే కొలిచి అతికి యుందురు. కోసినపుడు ఆ యతుకు వదలును, ఆ లెక్కయు తప్పును. ముందుభాగము తేలికయై, పిడివైపు బరువై, తూకము చెడును. ఎగురు పక్షి వెంట తుపాకి సాగక నడుమనే ఆఁగిపోవును.

ఇవి యన్నియు వేఁట చెడుటకు మాత్రమే చాలును. మనుష్యుని చెఱిచినది బురద. నాఁటి తెల్లవాఱుజామున పుట్టినుండి దిగునపుడు మా పినతండ్రిగారు తుపాకిని ఊఁతగా పెట్టిరో, అది జాఱెనో తెలియదు. కుఱుచదగుటచే మూతి నేలకు దగ్గఱ. బురద దూరి బిరడావలె నిలిచెను. చీఁకటిలో చూచుకొనలేదు. కాల్చిరి. గొట్టము పగిలెను. పొడుగు గొట్టమైనచో ఆ పగులు చేతికి దూరమున నుండెడిది. ఇది ఎడమచేతి ముందరనే పగిలెను. రెండు వ్రేళ్లు పోయినవి. ఎడమచెవి వినికిడియు పోయెను. తరువాత వారు ముప్పదియేండ్లు బ్రదికిరి. వల యల్లలేదు. చేపల అంగడిలో తక్కెడ పట్టుకొని కూర్చుండిరి. చెఱువు కౌలులోని భాగమును అమ్మివేసిరి. ఆ భాగము మన కులమునుండియే బయటికి పోయెను. మా తండ్రిగారు ఆ తుపాకిని లైసెన్సుతో సహా ఠాణాలో అప్పగించివచ్చి, ఆ రాత్రి భోజనము చేయలేదు.

ఇంతటితో ఆ ప్రశ్నకు జవాబైనదని మీ రనుకొనవచ్చును, కాలేదు. కుఱుచ గొట్టము వేఱు, కోసిన గొట్టము వేఱు. ఈ భేదము తెలియకనే మా యింట కీడు వాటిల్లెను. కర్మాగారమున కుఱుచగానే చేసి, మూతికి చోక్ అమర్చి, తూకము సరిచూచి పంపిన తుపాకి మంచి తుపాకియే. నల్లమందు కాలమున పొడుగు గొట్టములు ఆచారము. 19వ శతాబ్ది చివర పొగ లేని మందు వచ్చిన తరువాత ఆ యవసరము తగ్గెను. లండనునందు రాబర్ట్ చర్చిల్ అను తుపాకుల పనివాఁడు 1920ల ప్రాంతమున 25 అంగుళముల గొట్టములే చాలునని వాదించి చేసి యమ్మినాఁడు. అప్పటివారు ఎగతాళి చేసిరి గాని కొనుటయు మానలేదు. నేఁటి తూటాలకు గొట్టము ఒక అంగుళము తగ్గినచో వేగమున సెకనుకు 5 మొదలు 10 అడుగుల వఱకు మాత్రమే తగ్గును. మొత్తము వేగము సుమారు 1,200 అడుగులైనపుడు నాలుగంగుళములు తగ్గినను పక్షికి తెలియునంతటి భేదము లేదు. గొట్టము పొడుగైనచో దూరము పోవునను మాట మన పెద్దలందఱును చెప్పెడిదే. దానిలో నిజము స్వల్పము.

మఱి లాభనష్టము లెక్కడ? జమ్ములో, తుంగలో, ఇఱుకు పడవలో కుఱుచది సులువుగా తిరుగును. హఠాత్తుగా దగ్గఱనుండి లేచిన పక్షిమీఁదికి వేగముగా పోవును. బహిరంగ జలముమీఁద దూరమున పోవు పక్షికి పొడుగుది నిలుకడగా సాగును. గురి చూచుటకు కంటికి పొడవైన రేఖ దొరకును. కుఱుచదానికి చప్పుడు చెవికి దగ్గఱ. ప్రక్కవాని వైపు తిరుగుటయు అంత సులువే! ఇంకొక మాట. పిడివైపు జాఱెడి పిడికిలితో తూటా లెక్కించెడి పంపుతుపాకికిని, తనంత తానే లెక్కించుకొనెడిదానికిని నడుమనున్న యినుపపెట్టె పొడుగు. అందుచే 26 అంగుళముల గొట్టముగల పంపుతుపాకి, మొత్తము పొడవున దాదాపు 30 అంగుళముల జోడునాళ్లదానితో సమానమగును. ఒక్క గొట్టపుఁ గొలతనే చూచి కొనరాదు.

కావున ఆ బిడ్డకు మే మిట్లు వ్రాసితిమి. పండ్రెండు బోరు. (సీసముతో పౌనుకు 12 గుండ్లు పోసినచో ఒక్కొక్క గుండు ఎంత లావుండునో అంత లావు రంధ్రముగలది పండ్రెండు బోరు; అనఁగా 0.729 అంగుళము. బోరు సంఖ్య పెరిగినకొలఁది రంధ్రము చిన్నదగును. దీనిని తాఱుమాఱుగా గ్రహించి మోసపోయినవారు పెక్కుమంది.) గొట్టము 26 అంగుళములు, 24కు తక్కువ వలదు. బరువు సుమారు 7 పౌనులు; తేలిక తుపాకి భుజమును తన్నును. అక్కడి చట్టముచేత 1991 మొదలుకొని జలపక్షుల వేఁటలో సీసపు ఛర్రా నిషిద్ధము; ఉక్కు ఛర్రా వాడవలెను. సీసము నీటికంటె 11 రెట్లకు మించిన బరువు. ఉక్కు 8 రెట్లు కూడ కాదు. తేలికైన రవ్వ త్వరగా వేగము కోల్పోవును గనుక, సీసములో 4వ నంబరు వాడుచోట ఉక్కులో రెండు నంబరులు లావుదానిని, అనఁగా 2వ నంబరు వాడవలెను. ఉక్కు అంతగా చెదరదు గనుక నిండు చోక్ అక్కఱలేదు. సగపు చోక్ చాలును. పాతకాలపు తుపాకిలో ఉక్కు ఛర్రా వేసినచో గొట్టము చెడును. 35 గజములు దాఁటిన పక్షిని పోనిమ్ము. పడవలో నిలువఁబడి కాల్చకుము. అడుగు తడఁబడినప్పుడెల్ల తూటాలు తీసి గొట్టములోనుండి వెలుతురు చూడుము. మూతికి పలుచని పట్టీ అంటించుకొనుము, కాల్చుటకు అది అడ్డు రాదు, బురద మాత్రము దూరదు. ఈ కడపటి మాట క్రింద రెండు గీఁతలు గీచితిమి.

చట్టమును గూర్చియు కొంత వ్రాసితిమి. అక్కడ 1934 చట్టముచేత 18 అంగుళములకు తక్కువ గొట్టముగల తుపాకి, రిజిస్టరు కానిచో, నేరము. జలపక్షుల వేఁటకు పది బోరుకంటె పెద్దది పనికిరాదు. మూఁడు తూటాలకు మించి పట్టకుండ బిరడా వేయవలెను. రాష్ట్రపు లైసెన్సు గాక, 1934లోనే ఏర్పడిన బాతుల స్టాంపును 16 యేండ్లు నిండినవాఁడెల్ల కొనవలెను. ఆ సొమ్ముతో చిత్తడినేలలను కొని కాపాడుదురు. పడిన పక్షిని వెదకక విడుచుటయు అక్కడ తప్పే. మా తాతగారు విన్నచో సంతసించెడివారు. అన్నిటికంటె ముఖ్యము: తాత్కాలిక వీసాపై నున్న పరదేశీయుఁడు ఆ దేశమున తుపాకి కలిగియుండుటయే నేరము, చెల్లుబాటగు వేఁట లైసెన్సు ఉన్నవానికి మాత్రము మినహాయింపు కలదు. మన పిల్లలు పెక్కుమంది అట్టి వీసాలమీఁదనే యున్నారు. స్నేహితుని తుపాకి ఒక్క నిమిషము పట్టుకొన్నను కొంప మునుఁగవచ్చును. మొదట లైసెన్సు, పిదప తుపాకి. ఈ సభలో అట్టి బిడ్డలుగల తలిదండ్రులు ఈ మాట వారికి తప్పక చెప్పుఁడు.

ఇఁక ఇక్కడివారి సంగతి. ఈ విషయమున మాకు తడుముకొనవలసిన పని లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణచట్టము మొదట కొన్ని పక్షులకు లైసెన్సు వేఁట నంగీకరించెను. 1991 సవరణచేత ఆ లైసెన్సులును పోయెను. నేఁడు మీరాలం చెఱువుమీఁద గాని, కొల్లేటిలో గాని, మంజీరలో గాని పరజను తుపాకితో కొట్టినను, గాలితుపాకితో కొట్టినను, ఉచ్చు పన్నినను, విషము పెట్టినను నేరమే. మూఁడేండ్ల వఱకు ఖైదు కలదు. మొదటి షెడ్యూలులోని పక్షియైనచో ఇంకను ఎక్కువ. కొల్లేరు 1999లో పక్షుల రక్షితస్థలమయ్యెను. 2002లో రాంసర్ జాబితా కెక్కెను. కొనఁదగిన కుఱుచ తుపాకి యేది యను ప్రశ్నకే ఇక్కడ చోటు లేదు. ఇంటిలోని పాత తుపాకిని కోయించుట 6వ సెక్షను క్రింద వేఱొక నేరము. తండ్రి పోయిన తరువాత ఆయన లైసెన్సుమీఁదనే తుపాకిని గోడకు వ్రేలాడదీయుటయు తగదు. వారసుఁడు తన పేర లైసెన్సు పొందవలెను, లేనిచో ఠాణాలోనో లైసెన్సుగల వర్తకునియొద్దనో జమ కట్టవలెను. 2019 సవరణచేత ఒక్కొక్కనికి రెండు తుపాకులకు మించి చెల్లవు. మన బస్తీలో ఇట్టి యిండ్లు ఎన్ని కలవో మేము లెక్క చెప్పము. ఆ యిండ్లవారు ఈ సభలోనే యున్నారు. వారు కార్యదర్శిగారిని ఏకాంతముగా కలిసికొన్నచో, దరఖాస్తులు వ్రాసిపెట్టుటకు మేము సిద్ధముగా నున్నాము. రుసుము లేదు.

మఱియొక సంగతి మన వృత్తికి సంబంధించినది. బాతు మేఁత నఱుగుటకై బురదలోని చిన్న రాళ్లను మ్రింగును. అవి కందనకాయలో తిరుగలివలె పనిచేయును. పూర్వము కాల్చిన సీసపు రవ్వలు బురదలో పడియుండును. బాతు వానిని రాళ్లనుకొని మ్రింగును. కందనకాయలో సీసము అఱిగి నెత్తురులో కలియును. పక్షి చిక్కి, రెక్క వాల్చి, కొన్నాళ్లకు చచ్చును. అమెరికావారు సీసమును మాన్పించుటకు ఇదియే కారణము. ఐరోపా సమాఖ్యయు 2023 ఫిబ్రవరి మొదలు చిత్తడినేలలలో సీసపు ఛర్రాను నిషేధించెను. సీసము కుళ్లదు, కరఁగిపోదు. ఒక్క ఔన్సు తూటాలో, ఆంగ్లేయుల లెక్క ప్రకారము 6వ నంబరు రవ్వలు 270 ఉండును. పక్షికి తగులునవి నాలుగో అయిదో. తక్కినవన్నియు చెఱువు పాలు. నవాబులు, వారి యతిథులు, మా తాతగారి దొరగారు, కడపట మా పినతండ్రిగారు కాల్చినదంతయు ఆ బురదలోనే యున్నది. ఆ బురదలో కాలు పెట్టి వల లాగెడివారము మనమే. మూసీలో నేఁడు మురుగు పాఱుచున్నది. దానిని మనము పోసినది కాదని చెప్పుకొనవచ్చును. చెఱువులోని సీసమును గూర్చి అట్లు పూర్తిగా చెప్పుకొనలేము.

ఆ బిడ్డనుండి మొన్న మరల లేఖ వచ్చెను. మొదట వేఁట లైసెన్సు, స్టాంపు తీసికొన్న తరువాతనే 26 అంగుళముల తుపాకి కొన్నాఁడఁట. మూతికి పట్టీ అంటించినాఁడఁట. మూఁడు ప్రాతఃకాలములు జమ్ములో కూర్చుండి రెండుమాఱులే కాల్చెనఁట. ఒక పక్షిని స్నేహితుని కుక్క వెదకి తెచ్చెనఁట. రెక్కమీఁద లేతనీలి మచ్చగల చిన్న బాతు. దానిని తెలుఁగున ఏమందురని అడిగినాఁడు. ఆ జాతి మన దేశమునకు రాదు. కాని దాని దగ్గఱచుట్ట మొకటి కార్తికమున మన చెఱువులలో దిగును. మనవారు దానిని పరజ యందురని జవాబు వ్రాసి, నిన్ననే టపాలో వేసితిమి.